కొల్లేటి వెలుగుకు వేరే లెక్క

సంక్రాంతి సెలవులకి అమెరికా నుంచి ఇళ్ళకొచ్చే మన పిల్లల భుజాన కెమెరా సంచి ఇప్పుడు మామూలైపోయింది. నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్ళి అక్కడ పశ్చిమ రాష్ట్రాల్లో స్థిరపడినవాళ్ళు సెలవు దొరికితే యెల్లోస్టోన్, యోసెమిటీ లాంటి నేషనల్ పార్కులు తిరుగుతారు. బైసన్ మందల్నీ మంచుకొండల్నీ ఫొటోలు తీస్తారు. బైసన్ గడ్డానికి పట్టిన మంచు పలుకులు కూడా విడివిడిగా కనబడేంత స్పష్టంగా వస్తాయవి. అదే కెమెరా, అదే 600 మిల్లీమీటర్ల లెన్సు పట్టుకుని పండగ మర్నాడు కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తారు. పదకొండు గంటలప్పుడు గట్టు మీద నిలబడి, నీళ్ళకవతల గూటి మీదున్న గూడబాతుని తీస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే పక్షి అంచులు మెత్తబడి ఉంటాయి. ఈకలు విడిగా తెలియవు. వెనక ఆకాశం నీలం పోయి పాలిపోయి ఉంటుంది. ఫోకస్ తప్పలేదు, చెయ్యి వణకలేదు. మరి ఏమైనట్టు?

పక్షికీ లెన్సుకీ మధ్య ఓ 200 మీటర్ల గాలి ఉంది. వెలుగు ఆ గాలిని దాటుకునే రావాలి కాబట్టి, బొమ్మ విషయంలో గాలి కూడా ఒక గాజే. యెల్లోస్టోన్ గాలి వేరు, కొల్లేటి గాలి వేరు. పొద్దు ఎక్కే తీరు కూడా వేరే. ఫొటోగ్రఫీ పుస్తకాలు చెప్పే సూత్రాల్లో చాలా భాగం ఎత్తయిన చోట, పొడి గాలిలో, ఏటవాలు ఎండలో పనిచేసినవాళ్ళ అనుభవంలోంచి వచ్చాయి. సముద్రమట్టానికి ఐదారడుగుల ఎత్తున, పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీదున్న మంచినీటి సరస్సుకి వాటిని ఉన్నవున్నట్టు అంటగడితే కుదరదు. ఇక్కడి లెక్క ఇక్కడే కట్టుకోవాలి.

ఉబ్బిన నలుసులు

యెల్లోస్టోన్ సగటున 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్న దానిలో ముప్పాతిక వంతే. పైగా చలి. సున్నా డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 5 గ్రాముల నీటి ఆవిరినే పట్టుకోగలదు. 25 డిగ్రీల గాలి అయితే 23 గ్రాముల దాకా పట్టుకుంటుంది. కొల్లేరు చూస్తే కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిన నీళ్ళు ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తాయి. సరస్సు చుట్టూ చేపల చెరువులు, వాటి చుట్టూ వరిచేలు. జనవరి తెల్లవారుజామున ఇక్కడి గాలి తను మోయగలిగినంత తేమనీ మోస్తూనే ఉంటుంది.

నిజానికి నీటి ఆవిరి కంటికి అడ్డు పడదు. అడ్డుపడేవి గాలిలో తేలే నలుసులు: సముద్రం మీంచి వచ్చిన ఉప్పు, పొయ్యిల పొగ, చేలో తగలబెట్టిన గడ్డి మసి, రోడ్డు దుమ్ము. పొడి గాలిలో ఉప్పు నలుసు చాలా చిన్నది. తేమ 75 శాతం దాటేసరికి అది చుట్టూ ఉన్న ఆవిరిని పీల్చుకుని నీటి చుక్కవుతుంది. తేమ పెరిగేకొద్దీ ఉబ్బుతుంది. ముసురు రోజుల్లో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లేది కూడా ఇందుకే.

నలుసు పరిమాణాన్ని బట్టి కాంతి చెదిరే తీరు మారుతుంది. గాలి అణువులు కాంతి తరంగం కంటే బాగా చిన్నవి. అవి నీలాన్ని ఎక్కువగా, ఎరుపుని తక్కువగా చెదరగొడతాయి. ఆకాశపు నీలం ఆ చెదిరిన వెలుగే. ఉబ్బిన చుక్కలు తరంగమంతో, అంతకన్నా పెద్దగానో ఉంటాయి కాబట్టి రంగు చూడకుండా అన్నిటినీ ఇంచుమించు సమంగా చెదరగొడతాయి. అన్ని రంగులూ కలిస్తే తెలుపు. గూడబాతు నుంచి బయల్దేరిన వెలుగులో కొంత దారిలోనే పక్కకి పోతుంది. దానికి సంబంధం లేని ఎండ పక్క నుంచి చెదిరి లెన్సులోకి వచ్చి పడుతుంది. ఇటు తగ్గింది, అటు కలిసింది. నలుపు బూడిదయింది, ఆకాశం పాలిపోయింది.

యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ శిలని తీసిన ప్రసిద్ధ చిత్రం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెట్టి ఆయన ఆకాశాన్ని దాదాపు నల్లగా రప్పించారు. ఎత్తయిన కొండల మీద ఆకాశం నుంచి వచ్చేది ముఖ్యంగా అణువులు చెదరగొట్టిన నీలం. ఎర్ర గాజు నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం నుంచి ఫిల్ముకి చేరేది చాలా తక్కువ. అదే ఫిల్టరు ఆటపాకలో మంచు పట్టిన పొద్దున పెట్టండి. ఆకాశం తెల్లగా ఉంది, అంటే దానిలో ఎరుపూ ఉంది. ఆ ఎరుపు గాజులోంచి నేరుగా వచ్చేస్తుంది, ఆకాశం నల్లబడదు. కొల్లేటి మంచుని ఏ గాజుతోనూ వడకట్టలేం.

అయితే నిలబడే దిక్కు మన చేతిలో ఉంది. పెద్ద చుక్కలు కాంతిని ఎక్కువగా ముందుకే, అంటే అది ప్రయాణిస్తున్న వైపుకే చెదరగొడతాయి. పొద్దుకి ఎదురుగా నిలబడితే ఆ వెలుగంతా లెన్సులోకి వస్తుంది, తెర చిక్కగా కనబడుతుంది. పొద్దుకి వీపు పెట్టి నిలబడితే అదే గాలి తేటగా అనిపిస్తుంది.

ఈ తెర అక్కర్లేని అడ్డంకే అనుకోనక్కర్లేదు. నల్లజర్లనే తీసుకుందాం, అది మెట్ట మీదుంది. నైరుతిగా దిగితే కొల్లేటి పల్లం, ఉత్తరంగా పోతే పోలవరం దాటి పాపికొండలు. 2008లో నేషనల్ పార్కు అయిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. అక్కడ గోదావరి మీద నుంచి చూస్తే దగ్గరి కొండ ముదురుగా, దాని వెనకది లేతగా, ఆ వెనకది ఇంకా లేతగా కనబడతాయి. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి పెరిగి, చెదిరిన వెలుగు ఎక్కువ కలవడమే కారణం. పొడి గాలిలో ఈ వరసలన్నీ ఒకే ముదురులో అతుక్కుపోతాయి. పాపికొండల ఫొటోకి లోతునిచ్చేది ఈ తేమే. ఫొటో తీశాక కంప్యూటర్లో ఆ మసకని పూర్తిగా చెరిపేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అక్కడి దూరాన్నే చెరిపేస్తున్నారు.

గట్టు కాగితే బొమ్మ కదులుతుంది

ఆకాశం పాలిపోవడానికి కారణం దొరికింది. అంచులు ఎందుకు మెత్తబడ్డాయి? ఇది వేరే సంగతి, ఫొటో తీసేవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది కూడా ఇదే.

గాలిలోంచి పోయే వెలుగు తిన్నగా పోతుందనుకుంటాం. గాలి అంతటా ఒకే వేడి ఉంటే నిజమే. చల్లగాలి చిక్కన, వేడిగాలి పలచన. వెలుగు చిక్కటి గాలి వైపుకి కొంచెం ఒంగుతుంది. ఒక డిగ్రీ వేడి తేడాకి గాలి కాంతిని వంచే గుణం మారేది పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. వినడానికి లెక్కలోకి రానిదే. కానీ పొడుగు లెన్సు ముందు అది లెక్కలోకి వస్తుంది.

600 మిల్లీమీటర్ల లెన్సు 200 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని సెన్సరు మీద 333 వంతులు చిన్నది చేసి పడేస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు. అంటే అంత దూరాన ఒక పిక్సెల్‌కి పట్టేది 2 మిల్లీమీటర్ల మేర. 200 మీటర్లలో 2 మిల్లీమీటర్లంటే లక్షలో ఒక వంతు. దారిలో వెలుగు అంత కొంచెం ఒంగినా పక్షి ఈక తన పిక్సెల్ వదిలి పక్క పిక్సెల్‌లోకి జరుగుతుంది. కాగిన నేల మీద గాలి ఒకటే వేడితో నిలకడగా ఉండదు. వేడి ముద్దలు పైకి లేస్తాయి, వాటి చోటుకి చల్లగాలి దిగుతుంది. సెకనులో వెయ్యో వంతు సేపు తీసిన ఫొటోలో కూడా ఈకలోని ఒక్కో భాగం ఒక్కో వైపుకి జరిగి ఉంటుంది. షట్టరు వేగం ఎంత పెంచినా ఇది పోదు. పెద్ద లెన్సు కొంటే పక్షితో పాటు ఈ కదలిక కూడా పెద్దదవుతుంది.

నేల త్వరగా కాగుతుంది, నీరు నెమ్మదిగా కాగుతుంది. కాబట్టి కొల్లేటి దగ్గర ఎక్కడ నిలబడి ఎటు చూస్తున్నామన్నది లెన్సు ధర కంటే ముఖ్యం. గట్టు పొడుగునా చూస్తూ తీస్తే చూపు మొత్తం కాగిన మట్టి మీదుగా పోతుంది. అదే గట్టు చివర నుంచి నీళ్ళకి అడ్డంగా తీస్తే, లేదా పడవలోంచి తీస్తే, దారి ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉంటుంది. పదకొండు గంటలప్పుడు ఈ రెండు ఫొటోల్లో తేడా ఎవరికైనా కనబడుతుంది.

కారులోంచి తీసే అలవాటు అమెరికా పార్కుల నుంచి వచ్చింది. జంతువులు కారుని పట్టించుకోవు కాబట్టి అది మంచి పద్ధతే. ఇక్కడ మాత్రం ఏసీ వేసిన కారు అద్దం దింపి తీస్తే లోపలి చల్లగాలీ బయటి వెచ్చగాలీ సరిగ్గా లెన్సు మూతి దగ్గర కలుస్తాయి. అన్నిటికంటే చెడ్డచోటు అదే. ఎందుకో ఈ పరీక్షలో తెలుస్తుంది.

> ఇంట్లో చేసి చూడండి
>
> బాత్‌రూమ్ కిటికీలకి వాడే గరుకు అద్దం ముక్క, లేదా పలచటి పాల ప్లాస్టిక్ కవరు తీసుకోండి. దాన్ని దినపత్రిక మీద ఆనించి పెడితే కింద అక్షరాలు చదవగలరు. కొంచెం కొంచెంగా పైకి లేపండి. అక్షరాలు కరిగిపోతాయి. కంటి దగ్గరకి తెచ్చేసరికి అక్షరమన్నదే లేదు. అద్దం మారలేదు, కాగితమూ మారలేదు. వెలుగుని చెదరగొట్టేది చూసేవాడికి దగ్గరగా ఉన్నకొద్దీ నష్టం ఎక్కువ.
>
> పక్షి కింద నేల కాగినా కొంత బతకొచ్చు. మన కాళ్ళ కింద గట్టు, మన ముందున్న కారు బానెట్టు కాగితే బతకలేం.

ఏసీ కారుతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చల్లబడ్డ లెన్సుని ఒక్కసారిగా తేమ గాలిలోకి తీస్తే గాజు మీద నీరు పడుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది, ఎందుకంటే గాజు ఇంకా చల్లగానే ఉంది. సంచిలో మూసి ఉంచి బయట కాసేపు పెడితే, లెన్సు బయటి గాలి వేడికి వచ్చాక సమస్య ఉండదు. కైకలూరు వచ్చేదాకా ఏసీ వాడినా, ఆఖరి అరగంట అద్దాలు దింపుకుని వస్తే ఇంకా మంచిది.

బారెడు పొద్దెక్కేలోపు

ఫొటోగ్రఫీ పుస్తకాలన్నీ గోల్డెన్ అవర్ అంటాయి: పొద్దు పొడిచాక గంట, కుంకే ముందు గంట. ఆ వెలుగు వెచ్చగా ఉండటానికి కారణం దూరం. సూర్యుడు దిగంతం మీద ఉన్నప్పుడు కిరణం నడినెత్తి నుంచి వచ్చేదానికి సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిలోంచి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. సూర్యుడు 30 డిగ్రీలు ఎక్కేసరికి ఆ దారి రెండు రెట్లకి తగ్గిపోతుంది.

మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు. జనవరిలో కొల్లేటి మీద దిగంతం నుంచి 6 డిగ్రీలు ఎక్కడానికి సుమారు 27 నిమిషాలు పడుతుంది. యోసెమిటీలో పొద్దు వాలుగా పాకుతుంది కాబట్టి అదే ఎత్తుకి 35 నిమిషాలు పడుతుంది. సంక్రాంతి నాటి మధ్యాహ్నం అక్కడి సూర్యుడు 31 డిగ్రీలు మించి పైకి రాడు. ఇక్కడ 52 డిగ్రీలు. చలికాలం యోసెమిటీలో రోజంతా ఏటవాలు వెలుగే. ఇక్కడ పది గంటలకే పక్షి కళ్ళ మీద, పొట్ట కింద నీడ పడుతుంది. పుస్తకంలో గంట అని చదివి ఆటపాకకి నింపాదిగా చేరితే వెలుగు వెళ్ళిపోయి ఉంటుంది.

ఏటవాలు ఎండలో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నిశ్చలమైన నీరు తన మీద పడ్డ వెలుగులో మూడో వంతు తిప్పికొడుతుంది. 50 డిగ్రీలకి వచ్చేసరికి నూటికి రెండు మూడు వంతులే. పొద్దున్నే ఎగిరే గూడబాతు రెక్కల కింది భాగం కూడా వెలుగుతూ కనబడేది ఈ కింది ఎండ వల్లనే. ఆ సంపద ఇలాంటి నీళ్ళ దగ్గర దొరుకుతుంది.

మరి తెల్లవారగానే వెళ్తే సరిపోతుందా? సంక్రాంతి రోజుల్లో సరిపోదు. రాత్రంతా గాలి చల్లబడుతుంది, నీళ్ళు అంతగా చల్లబడవు. వెచ్చటి నీళ్ళ మీంచి లేచిన ఆవిరి చల్లగాలిలో చుక్కలై మంచుగా పరుచుకుంటుంది. తేమా పొగా కలిసిన మంచు చాలాసార్లు ఆ 27 నిమిషాలనీ మింగేస్తుంది. అందుకని కొల్లేటికి అసలైన గడియ పుస్తకాల్లో ఉన్నది కాదు. మంచు విడిచాక, గట్టు కాగక ముందు వచ్చే కొద్ది సేపు అది. వెలుగు అప్పటికి బంగారు రంగులో ఉండకపోవచ్చు. కానీ గాలి తేటగా, కదలకుండా ఉంటుంది. రంగా, స్పష్టతా అని ఎంచుకోవాల్సి వస్తే నేను స్పష్టతనే ఎంచుకుంటాను. సాయంత్రం గట్టు చల్లారుతూ, నేల వేడీ గాలి వేడీ సమానమయ్యే వేళ ఇలాంటి గడియ మళ్ళీ వస్తుంది. అప్పుడు మంచు బాధ ఉండదు కాబట్టి, ఒక్క పూటే తీరిక ఉన్నవాళ్ళకి నా సలహా సాయంత్రమే.

తెల్ల ఈక, నల్ల నీళ్ళు

ఇక కెమెరా లోపలికి వద్దాం. గాలి సహకరించినా తెల్లకొంగ ఒక్కోసారి ఆకారం లేని తెల్ల మచ్చగా వస్తుంది, గూడబాతు బూడిద రంగులో వస్తుంది. దీని కారణం తెలియాలంటే సెన్సరుని పై నుంచి చూసిన కొల్లేటి చేపల చెరువుల్లా ఊహించుకోవాలి. కోట్ల మడులు, మధ్యలో గట్లు. షట్టరు తెరిచినంతసేపు ఒక్కో మడిలో వెలుగు వానలా కురుస్తుంది. మూశాక కెమెరా ఒక్కో మడిలో ఎంత నీరుందో కొలుస్తుంది. గట్టు పొర్లనంతవరకూ కొలత సరిగ్గా ఉంటుంది. పొర్లిన మడుల్లో ఎంత వాన పడిందో ఇక తెలియదు. గట్టు ఎత్తు మాత్రమే తెలుస్తుంది. తెల్లకొంగ మీద పక్కపక్కనున్న మడులన్నీ పొర్లితే అన్నిటి కొలతా ఒకటే. ఈకకీ ఈకకీ మధ్య తేడా పోయినట్టే, తర్వాత ఏం చేసినా తిరిగిరాదు.

ఎంతసేపు తెరవాలో నిర్ణయించే మీటరు, తన ముందున్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది, అంటే పడ్డ వెలుగులో సుమారు 18 శాతం తిప్పికొట్టే రంగు. చుట్టూ ముదురు నీళ్ళుండి మధ్యలో చిన్న కొంగ ఉంటే, నల్లగా ఉంది కదా అని ఎక్కువసేపు తెరుస్తుంది. కొంగ పొర్లిపోతుంది. తెల్లటి గూడబాతు ఫ్రేమంతా నిండితే, మరీ తెల్లగా ఉంది కదా అని తక్కువసేపు తెరుస్తుంది. పక్షి బూడిదవుతుంది. మంచుతో ఇదే చిక్కు వచ్చే దేశంలోనే ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టం రూపొందించారు. పూర్తి నలుపు నుంచి పూర్తి తెలుపు దాకా 11 మెట్లు. ఫొటో తీసేముందే ఏది ఏ మెట్టు మీద ఉండాలో మనిషి నిర్ణయించాలి, మీటరు చేతిలో పెట్టకూడదన్నదే దాని సారం. ఇప్పటి కెమెరాలు పక్షిని గుర్తుపట్టగలవు కాబట్టి అప్పటంత కష్టం లేదు. అయినా ముదురు నీళ్ళ మీద కొంగని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించడం, ఫ్రేము నిండిన తెల్ల పక్షికి ఒక మెట్టు పెంచడం అలవాటు చేసుకుంటే నష్టం లేదు.

> పోలరైజరు ఎప్పుడు పనికొస్తుంది?
>
> నీటి మీద మెరుపుని తగ్గించడానికి వాడే ఈ ఫిల్టరు, నీటి ఉపరితలంతో సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నప్పుడు బాగా పనిచేస్తుంది. వంతెన మీంచి నాచునీ చేపల్నీ తీయడానికి మంచిది. పడవలో కూర్చుని నీళ్ళ మీద దూరంగా ఉన్న పక్షిని తీసేటప్పుడు చూపు దాదాపు నీటికి ఆనుకుని పోతుంది. అక్కడ దాని వల్ల లాభం తక్కువ, కెమెరాకి చేరే వెలుగు మాత్రం సగానికి పైగా తగ్గిపోతుంది.

ఎంత దగ్గరికి?

గాలి ఎంత తగ్గితే బొమ్మ అంత తేట. కాబట్టి దగ్గరికి వెళ్ళాలనిపించడం సహజం. యెల్లోస్టోన్‌లో దీనికి గట్టి నియమం ఉంది: ఎలుగుబంట్లు, తోడేళ్ళ లాంటివాటికి 91 మీటర్లు, మిగతా జంతువులకి 23 మీటర్ల దూరం పాటించాలి. అది ముఖ్యంగా మనిషి ప్రాణం కోసం. గూళ్ళ దగ్గర లెక్క తిరగబడుతుంది, ఇక్కడ ప్రమాదం పక్షికి.

ఈ గూళ్ళు ఎప్పుడూ ఉన్నవే, ఎప్పటికీ ఉండేవే అనుకోకూడదు. పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించారు. అప్పుడక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్ళు కట్టుకున్నాయి. 1975 నాటికి ఆ కాలనీ లేకుండా పోయింది. ఆ తర్వాత సరస్సుని చేపల చెరువులు ఆక్రమించాయి. 1999లో ఐదో కాంటూరు (ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతి, వాటి మీద గూళ్ళకి వీలు కల్పించింది. గూడబాతులు వాటిని ఒప్పుకున్నాయి. ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చాయి. ఫొటో అందం చెడుతుందని చాలామంది ఆ స్టాండ్లు ఫ్రేములో పడకుండా తంటాలు పడతారు. నేనైతే వాటిని తప్పకుండా తీయమంటాను. ఈ కాలంలో కొల్లేటి గూడబాతు ఎలా బతికిందో చెప్పే సాక్ష్యం ఆ ఇనుమే.

గూడబాతు పిల్ల గుడ్డులోంచి ఈకలు లేకుండా పుడుతుంది. ఒంటి వేడిని తనంత తాను అదుపులో పెట్టుకోలేదు. పొద్దున చలికి తల్లి కింద ఉండాలి, మధ్యాహ్నం ఎండకి తల్లి నీడలో ఉండాలి. ఎర్రకాళ్ళ కొంగలైతే మిట్టమధ్యాహ్నం రెక్కలు విప్పి, పొద్దుకి వీపు పెట్టి, గంటల తరబడి పిల్లల మీద నీడ పట్టి నిలబడతాయి. వెలుగు బాగాలేదని ఫొటోగ్రాఫర్లు ఇంటికి పోయే ఆ వేళకే ఈ దృశ్యం కనబడుతుంది. అంచులు కొంచెం మెత్తబడినా తీయదగ్గ ఫొటో అది. పడవ దగ్గరికి వచ్చి పెద్ద పక్షి ఎగిరిపోతే, ఆ నీడ పోతుంది. నిమిషాల్లో పిల్ల కాగిపోతుంది. గుడ్ల కోసం కాకులు, గద్దలు అప్పటికే కాచుకుని ఉంటాయి.

గూటి మీద పక్షి భయం ఎగిరినప్పుడు మొదలవదు. అంతకు ముందే మెడ నిటారుగా లేస్తుంది, ఈకలు ఒంటికి అతుక్కుంటాయి, పక్కనున్న పక్షులు కూడా ఇటే తిరుగుతాయి. లెన్సులోంచి చూసేవాళ్ళకి ఇది అందరికంటే ముందు కనబడుతుంది. మెడలు లేచాయంటే పడవవాడికి చెప్పి వెంటనే వెనక్కి తిప్పించండి. మెడలు దిగేదాకా ఆగండి. అవి దిగిన చోటు నుంచే ఫొటో తీయాలి. ఆ దూరానికి మీ లెన్సు చాలకపోతే, గూటిని వదిలేసి, పొద్దున్నే చేపలకి నీళ్ళ మీద వాలే పక్షుల్ని తీయండి.